పందెమునకు ముందు దారి

మోటారు పందెములను గూర్చి వెలువడు వ్రాతలన్నియు బండి వేగమును గూర్చియో, తోలువాని నేర్పును గూర్చియో, గెలిచినవాని ప్రతిష్ఠను గూర్చియో యుండును. ఆ పందెమును జూడ బయలుదేఱిన జనసముద్రము ఏ దారిని బోవలెను, ఎక్కడ బండి నిలుపవలెను, ఏ వేళకు మరల ఇల్లు చేరవలెను అను విషయము మాత్రము ఎవరికిని పట్టదు. అది ప్రేక్షకుని సొంత గొడవ యట! టిక్కెట్టు కొన్నవాడే దారి వెదకుకొనవలెనట! ఈ యభిప్రాయము తప్పు మాత్రమే కాదు, ప్రజలకు హానికరము కూడనని మేము నిస్సంకోచముగా చెప్పుచున్నాము. వేలకొలది బండ్లు ఒక్క దినమున, ఒక్క గడియలో, ఒక్క ద్వారమునకు పరుగెత్తునపుడు దారి యనునది ఒక వ్యక్తి విషయము గాదు. అది ఊరి విషయము, చట్టవిషయము, ఒకానొకప్పుడు ప్రాణవిషయము.

మొదట లెక్క చూతము. లెక్కకు ఎవరియందును పక్షపాతము లేదు. ఒక పందెమునకు 50,000 మంది తమ తమ కార్లలో వత్తురనుకొందము. కారొక్కింటికి సగటున ఇద్దఱున్నర చొప్పున 20,000 కార్లు కావలెను. చక్కని రహదారిపై ఒక వరుసలో, అడ్డంకి లేకున్న, గంటకు సుమారు 1,800 కార్లు సాగునని రహదారి యింజనీర్ల యంచనా. ఒకే వరుస యున్నచో ఈ కార్లన్నియు చేరుటకు 11 గంటలు పట్టును. నాలుగు వరుసలున్నను ఇంచుమించు మూడు గంటలు పట్టును. ఇక ద్వారముకడ టిక్కెట్టు చూచి పంపుటకు కారొక్కింటికి 10 సెకండ్లు పట్టెనా, ఒక్కొక్క ద్వారము గంటకు 360 కార్లను మాత్రమే లోనికి గొనును. పది ద్వారములు తెఱచినను ఐదున్నర గంటలు! అనగా రహదారిని ఎంత వెడల్పు చేసినను ద్వారములు పెంపనిచో ఫలము సున్న. బండ్లు నిలుపుటకో, నడుమ త్రోవలతో కలిపి కారొక్కింటికి 25 చదరపు మీటర్ల చొప్పున సుమారు 125 ఎకరముల నేల కావలెను. ఆ నేల వానకు చిత్తడియగు పొలమైనచో దాని గతి చెప్పనక్కఱలేదు. ఇంతకంటె ముఖ్యమైనది మఱొకటి గలదు. వచ్చునపుడు జనము ఉదయమునుండి కొందఱు కొందఱుగా వత్తురు; పోవునపుడు అందఱును ఒక్క పెట్టున లేతురు. రాక కష్టమైనచో పోక నరకము. అదే 50,000 మందికి మనిషికొక చోటున్న బస్సులైనచో 1,000 చాలును. ఈ కూడికలు, భాగహారములు నాలుగవ తరగతి బాలునకు తెలిసినవే. తెలిసియు చేయనివారు పందెముల నిర్వాహకులు, చేయింపనివారు ప్రభుత్వములవారు.

ఇది మా యూహ యని యెవరైన ననుకొందురేమో! జరిగిన సంగతులే సాక్ష్యము పలుకుచున్నవి.

ఇంగ్లండునందు సిల్వర్‌స్టన్ అను ప్రసిద్ధమైన పందెపు బాట గలదు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున విమానములు దిగిన నేల యది. ప్రపంచ విజేత పదవికై జరుగు ఫార్ములా వన్ పందెములలో మొట్టమొదటిది 1950 మే 13 న అక్కడనే జరిగెను. ఎమ్ 1, ఎమ్ 40 అను రెండు మహామార్గముల నడుమ నున్న యీ స్థలమునకు, ఆ రెండింటిని కలుపు ఎ 43 రహదారియే ప్రధానమైన దారి. ఊరికి రైలు స్టేషను లేదు. ఏటేట వేసవి నడుమ జరుగు బ్రిటిషు పందెమును 2000 సంవత్సరమున ఏప్రిలు నెలకు, ఈస్టరు పండుగ దినములకు జరిపిరి. వానలు విడువక కురిసినవి. బండ్లు నిలుపవలసిన పొలములు బురదగుంటలైనవి. పందెమునకు ముందుదినమున నిర్వాహకులే ప్రజలను రావలదని వేడుకొనవలసి వచ్చెను. పందెపు దినమగు ఏప్రిలు 23 న వేలమంది గంటల తరబడి దారిలో చిక్కుపడిరి. డబ్బు చెల్లించి టిక్కెట్టు చేత బట్టుకొని, పందెము కన్నులజూడకయే వెనుదిరిగినవారును గలరు. యాబది సంవత్సరముల యనుభవముగల దేశమున, దారులకు పేరుపడ్డ దేశమున, ఒక నెల మార్పును నాలుగు వానలును ఇంత పని చేసినవి. మఱుసటి యేడు పందెము మరల జూలై నెలకు పోయెను. 2002 నాటికి ఊరిని తప్పించుకొని పోవు జోడుబాటల క్రొత్త ఎ 43 దారి యేర్పడెను. చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొనుట యనగా నిదియే. అట్లయినను వారు ఆకులు పట్టుకొనిరి, మఱి మనమో?

అమెరికా సంగతి వినుడు. కెంటకీ రాష్ట్రమున స్పార్టా యను చిన్న యూరికడ నున్న పందెశాలకు 2011 జూలై 9 న నాస్కార్ సంస్థవారి అగ్రశ్రేణి పందెము తొలిసారిగా వచ్చెను. అందుకై లక్షమందికి పైగా పట్టునట్లు ఆసనములు పెంచిరి. ఆసనములు పెరిగినవి గాని దారి పెరుగలేదు, బండ్లు నిలుపు చోటు పెరుగలేదు. ఇంటర్‌స్టేట్ 71 అను మహామార్గముపై మైళ్ల పొడవున బండ్లు బారుతీరి నిలిచిపోయినవి. వేలమంది పందెశాల ద్వారమైన జూడకయే ఇండ్లకు మరలిరి. లోనున్నవారు పోవలెననిన బయటివారు అడ్డము. బయటివారు రావలెననిన లోనివారు అడ్డము. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. తుదకు నిర్వాహకులు ఆ టిక్కెట్టులకు బదులు వేఱు పందెముల టిక్కెట్టు లిచ్చెదమని ప్రకటింపవలసి వచ్చెను. తరువాతి యేటికి దగ్గఱి రహదారిని వెడల్పు చేసిరి. బండ్లు నిలుపు నేలను పెంచిరి. జనము నడచిపోవుటకు సొరంగమార్గము త్రవ్విరి. అంగట్లో అన్నియు నున్నవి, అల్లుని నోట శని యున్నదను సామెత అమెరికాకును వర్తించుచున్నది. ధనమునకు కొదువ లేదు, యంత్రములకు కొదువ లేదు, ముందుచూపునకే కొదువ.

ఈ రెండు కథలలోను ఒక సంగతి గమనింపదగును. ఆ దినమున దారిలో చిక్కుపడినవారందఱును తెలివిలేనివారా? కాదు. ఉదయముననే లేచినవారు, పటములు చూచుకొన్నవారు, అడ్డదారులు తెలిసినవారు కూడ వారిలో నుందురు. అందఱి దారియు ఒక్క ద్వారముకడ ముగియునపుడు ఒక్కని తెలివి అక్కఱకు రాదు.

ఇక రెండవ ప్రక్కకు చూతము. హాలండు దేశమున సముద్రపు టొడ్డున జాండ్‌ఫోర్ట్ అను చిన్న పట్టణము గలదు. అచ్చట దశాబ్దముల పిమ్మట ఫార్ములా వన్ పందెము 2021 సెప్టెంబరు 5 న మరల జరిగెను. ఒక ప్రక్క సముద్రము, ఒక ప్రక్క ఇసుకదిబ్బలు, పట్టణములోనికి ఇరుకైన దారులు రెండు. ఇట్టిచోట లక్షకార్లు వచ్చినచో నేమగునో ఆ యూరివారు ముందుగనే తెలిసికొనిరి. తెలిసికొని, కార్లు రానే వలదని నిశ్చయించిరి. అనుమతిపత్రము లేని కారును పట్టణములోనికి రానీయలేదు. గంటకు పండ్రెండు రైళ్లు, అనగా ఐదు నిమిషముల కొకటి, నడిపిరి. బైసికిళ్లపై వచ్చువారికై వాటిని నిలుపు విశాలమైన తావు లేర్పఱచిరి. దూరమున కారు నిలిపి బస్సులో వచ్చు నేర్పాటు చేసిరి. మోటారు పందెమును జూచుటకు జనము బైసికిలెక్కి పోయెనన్న నవ్వుదురేమో! ఆ నవ్వినవారు కెంటకీ రహదారిపై నాటి రాత్రి నిలిచియున్నచో నవ్వియుందురా? ఫ్రాన్సునందు 24 గంటల పందెమునకు పేరొందిన ల మాన్ నగరమున 2007 లో ట్రాము బండి మార్గము వేసి దానిని పందెశాల సమీపమువఱకు కొనిపోయిరి. ఆ ట్రాము సంవత్సరమున మూడు దినములు ప్రేక్షకులకును, మిగిలిన దినములు ఊరివారికిని ఉపయోగపడుచున్నది. ఇది గదా మేము కోరునది!

ఇక్కడ కొందఱు మిత్రులు ఒక యాక్షేపణ తెత్తురు. పూర్వకాలపు మాట లెందుకు, చేతిలో ఫోనున్నది, ఫోనులో దారిపటమున్నది, రద్దీయైన బాట ఎఱ్ఱగా గనబడును, అడ్డదారి తానే చూపును, ఎవని దారి వాడు చూచుకొనునని వారి వాదము. ఎవరికి వారే యమునాతీరే యను మాటకు ఇంతకంటె చక్కని వ్యాఖ్యానము మాకు తోపకున్నది. ఆ ఫోను ఈ మిత్రునకు చూపిన అడ్డదారినే ఆయన వెనుకనున్న మఱి రెండువేలమందికిని చూపును గదా! గడియ తిరుగకమున్నే ఆ పల్లెబాటయు ఎఱ్ఱనగును. మహామార్గమున నిలిచిన బండి కనీసము మహామార్గమున నిలిచెను. పల్లెబాటలో నిలిచిన బండి పాలవాని దారిని, పాఠశాల దారిని, ప్రసవవేదనపడు తల్లి దారిని మూసివేసెను. జర్మను గణితవేత్త డీట్రిచ్ బ్రెస్ 1968 లో ఒక వింతను నిరూపించెను. ఎవరికి వారు తమకు దగ్గఱియగు దారిని ఎన్నుకొనుచుండగా, క్రొత్తగా మఱొక బాట తెఱచినచో కొన్నియెడల అందఱికిని ఆలస్యమే పెరుగునని ఆయన చూపెను. కావున అడ్డదారి వెదకుట తెలివి గాదు. అందఱికిని తగిన దారి పంచుటయే తెలివి. ఆ పంచుపని ఫోను చేయజాలదు. పందెపు దినమున పోలీసులు ఏ వీథిని ఏ వేళకు మూయుదురో నిర్వాహకులు ముందుగ చెప్పనిచో దానికి మాత్ర మెట్లు తెలియును?

మన యింటి సంగతికి వత్తము. 2011 అక్టోబరు 30 న గ్రేటర్ నోయిడాయందలి బుద్ధ పందెశాలలో మన దేశపు తొలి ఫార్ములా వన్ పందెము జరిగెను. 2013 తో ఆ పందెము ముగిసిపోయెను. దాని ప్రక్కనుండి పోవు యమునా మహామార్గము ప్రజలకు తెఱవబడినది తొలి పందెము జరిగిన పిమ్మట, 2012 ఆగస్టులో! ముందు పందెము, వెనుక దారి. ఇది మన పద్ధతి. 2024 ఆగస్టు తుదిని చెన్నపట్టణమున ద్వీప మైదానము చుట్టునున్న వీథులలో రాత్రి పందెము జరుగుటకు ముందు ఆ వివాదము ఉన్నత న్యాయస్థానమువఱకు పోయెను.

మన హైదరాబాదు మాట యేమి? 2023 ఫిబ్రవరి 11 న హుస్సేనుసాగరు తీరమున, సచివాలయము చెంత, 2.83 కిలోమీటర్ల వీథిబాటపై విద్యుత్తు కార్ల ఫార్ములా ఇ పందెము జరిగెను. దేశమున ఆ జాతి పందెములలో నదియే మొదటిది. సంతోషమే. కాని నగరపు నడిబొడ్డున ఆ వీథులను పందెమునకు కొన్ని దినములు ముందునుండియే మూసిరి. ఖైరతాబాదు, లకిడీకాపూలు ప్రాంతముల వీథులు కిక్కిరిసినవి. పందెమునకు బోవువాడు కష్టపడెననిన కొంత సరిపెట్టుకొనవచ్చును. వాడు వినోదమునకై బయలుదేఱెను. కచ్చేరికి బోవు గుమాస్తా, వైద్యాలయమునకు బోవు రోగి, పరీక్షకు బోవు విద్యార్థి ఏ వినోదము గోరిరి? పందెపుబాట సమీపముననే ఖైరతాబాదు మెట్రో స్టేషనున్నది, లకిడీకాపూలు స్టేషనున్నది, నెక్లెసు రోడ్డుకడ ఎం.ఎం.టి.ఎస్. రైలు నిలుచును. ఇట్టి వసతి సిల్వర్‌స్టన్‌కు లేదు, కెంటకీకి లేదు. పట్టాలు చెంతనుండగా ఆ పందెమును రైలుపందెముగా, జాండ్‌ఫోర్ట్ వలె, నడుపవచ్చును గదా!

మనవారికి జనప్రవాహమును నడుపుట చేతగాదని ఎవరైన ననినచో మేమొప్పుకొనము. ఏటేట అదే హుస్సేనుసాగరునకు గణేశ నిమజ్జనమున బాలాపూరునుండి, నగరపు నలుమూలలనుండి వచ్చు విగ్రహములను, వెంటవచ్చు లక్షల జనమును ఇదే నగరము నడపుచున్నది. ఏ యూరేగింపు ఏ వీథిని బోవునో, ఏ వాహనము ఎటు మరలవలెనో ముందుగనే ప్రకటింతురు. చేతనగును, చేయవలెనను నిర్బంధమే లేదు. నిర్బంధము లేనిచోట నేమగునో గోదావరి నడుగుడు. 2015 జూలై 14 న, పుష్కరముల తొలి దినమున, రాజమహేంద్రవరమునందు ఒక్క రేవునకే, ఒక్క వేళకే జనము విఱుచుకొనిపడగా తొక్కిడిలో 20 మందికి పైగా ప్రాణములు విడిచిరి. నది పొడవున రేవులెన్ని లేవు? దారి పంచలేదు, అంతియే.

ఇక చట్టము. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 189 వ సెక్షను ప్రకారము రాష్ట్ర ప్రభుత్వపు వ్రాతపూర్వకమైన అనుమతి లేనిదే బహిరంగస్థలమున మోటారు పందెము జరుగనిచ్చుటగాని, అందు పాల్గొనుటగాని నేరము. అనుమతి నిచ్చు చేయి షరతు పెట్టలేదా? అదే చట్టము 115 వ సెక్షను రాకపోకలను నిషేధించు నధికార మిచ్చుచున్నది. నెలకు మించని నిషేధమునకు రాజపత్ర ప్రకటన అక్కఱలేదుగాని, స్థానికముగా ప్రజలకు తెలియజేయవలెనని యందే యున్నది. మన రాజ్యాంగపు 19 వ అధికరణము ప్రతి పౌరునకును దేశమంతట స్వేచ్ఛగా సంచరించు హక్కు నిచ్చినది. ప్రజాహితమునకై దానికి సమంజసమైన పరిమితులు విధింపవచ్చును, నిజమే. చెప్పకయే వీథి మూయుట సమంజసమా? అంబులెన్సునకు దారి యీయనివానికి 2019 నాటి సవరణచే 10,000 రూపాయలవఱకు జుల్మానాయో, ఆఱు నెలలవఱకు ఖైదో, రెండునో విధింపవచ్చును. ఒక్క కారువాడు అంబులెన్సు నడ్డిన నేరము; ఒక పందెము వేయి కార్ల నడ్డు పెట్టి అంబులెన్సు నాపిన మాత్రము ఉత్సవమా?

కావున మా కోరికలు స్పష్టముగ నుంచుచున్నాము. పందెమునకు అనుమతి గోరువాడు అర్జీతోబాటు దారిపటమును దాఖలు చేయవలెను. అనుమతి దానిపై నాధారపడవలెను. ఆ పటము పందెమునకు రెండు నెలల ముందు తెలుగునను, ఉర్దూలోను, ఇంగ్లీషునను ప్రకటింపబడి, పఠనాలయముల గోడలపైకి రావలెను. దారియు ద్వారములును మోయగలిగినన్ని టిక్కెట్టులే అమ్మవలెను. ఆసనముల లెక్క చాలదు. కారు నిలుపు చీటిపై దారి, ద్వారము, వేళ ముద్రింపవలెను. చీటి లేని కారును ఊరి వెలుపలనే ఆపి బస్సెక్కింపవలెను. టిక్కెట్టు ధరలోనే రైలు బస్సుల చార్జీ చేరియుండవలెను. ఒక వరుసదారి అంబులెన్సునకును, అగ్నిమాపక యంత్రమునకును మాత్రమే విడిచియుంచవలెను. ఆ వరుసలో మంత్రిగారి బండికిగాని, నిర్వాహకుని బండికిగాని చోటుండరాదు. నిర్వాహకుల యేర్పాటు చెడి ద్వారము చేరలేకపోయినవానికి సొమ్ము తిరిగి యీయవలెను. టిక్కెట్టు ఒక ఒడంబడిక. సొమ్ము పుచ్చుకొని ఆసనమునకు దారి చూపకపోవుట లోపమున్న సేవ గాక మఱేమి?

ఇన్ని షరతులు పెట్టిన పందెములే రావు, నగరకీర్తి మాసిపోవునని కొందఱు భయపెట్టెదరు. షరతులు లేకున్నను హైదరాబాదున 2024 లో జరుగవలసిన రెండవ పందెము జరుగలేదు గదా! షరతులు కఠినముగనున్న జాండ్‌ఫోర్టునకో, ఏటేట జనము క్రిక్కిఱిసి వచ్చెను. దారి లేని యూరికి ఏ కీర్తియు నిలువదు. పరదేశీయుడు పందెమును జూచి మెచ్చుకొని, మూడు గంటలు వీథిలో నిలిచి తిట్టుకొని పోయిన, ఇంటికి గొనిపోవునది ఆ తిట్టే గాని మెప్పు కాదు.

నిర్వాహకులను నిందించి ప్రేక్షకుని విడిచిపెట్టుట న్యాయము గాదు. పందెమునకు బోవు పాఠకుడు సిల్వర్‌స్టన్‌కు బోయినను, హుస్సేనుసాగరునకు బోయినను, కొన్ని విధులు పాటింపవలెను. మొదట రైలో బస్సో కలదేమో చూచి, లేకున్ననే కారు తీయవలెను. తీసినచో నలుగురు కలిసి పోవలెను; ఒంటికారు ఒక పాపము. తన ఆసనము ఏ ద్వారము చెంతనున్నదో చూచి, ఆ ద్వారమునకు నిర్వాహకులు చూపిన దారినే పట్టవలెను. ఫోను వేఱు చెప్పినను వినరాదు. మూసిన వీథుల ప్రకటనను బయలుదేఱు నాటి ఉదయమున మరల చదువవలెను. రద్దీకి మూడు గంటలు ముందుగ చేరవలెను. పందెము ముగియగనే పరుగెత్తక రెండు గంటలు నిదానించి బయలుదేఱవలెను. నీరు, తిండి, మందులు, బండికి తగినంత నూనె ముందుగనే చూచుకొనవలెను. కలిసి వచ్చినవారు విడిపోయినచో ఎక్కడ కలిసికొనవలెనో దిగునపుడే చెప్పుకొనవలెను. ఎవని వాకిటను, ఎవని పొలముగట్టునను బండి నిలుపరాదు. వెనుక అంబులెన్సు కూత వినబడినచో తన పందెము పోయినను దారి విడువవలెను.

పందెపు బాటలో ముందు పోయినవాడు గెలుచును. ఊరిబాటలో అందఱును చేరిననే గెలుపు. ఈ భేదమును తెలిసికొనలేని నగరము ఎన్ని పందెములు జరిపినను ఏమి లాభము? మఱల ఏదో యొక నాడు మన వీథులలోనికి పందెము రాక మానదు. నాడు తారువేసిన నల్లని బాటను జూచి మురిసిపోవుటకు ముందు, దారిపట మెక్కడ నున్నదని ప్రతి పౌరుడును అడుగవలెను. మీ యూరి పురపాలకసంఘమునకు, మీ శాసనసభ్యునకు, మీ పోలీసు అధికారికి నేడే యొక యుత్తరము వ్రాయుడు. పందెము రాకముందే అడుగుడు. వచ్చిన పిమ్మట అడుగుటకు మీరు వారి కచ్చేరి చేరుటకైనను దారి యుండదు.